ట్రాక్టర్ ట్రాలీ మీద ఊరేగింపు శకటం: కట్టే తీరు, నడిపే తీరు

తిరుపతి, చిత్తూరు ప్రాంతాల్లో ఊరేగింపు బండి అంటే దాదాపు ఎప్పుడూ ట్రాక్టర్ ట్రాలీయే. జనవరి 26న పరేడ్ గ్రౌండులో తిరిగే శకటమైనా, వినాయక నిమజ్జనం బండైనా, తిరునాళ్ల పూలపల్లకి అయినా అడుగున ఉండేది అదే, పైన కట్టేదే మారుతుంది. కట్టేవాళ్లు మామూలుగా బొమ్మతో మొదలుపెడతారు. కాగితం మీద గీసింది అందరికీ నచ్చాక ఎత్తు ఖాయం చేస్తారు. బండి వీధిలోకి వచ్చాక తీగలు అడ్డొస్తే, వాటిని ఎత్తిపట్టడానికి పైన ఒక కుర్రాణ్ణి వెదురు కర్రతో నిలబెడతారు. ఆ కుర్రాడు పైకెక్కాడంటేనే లెక్క ఎక్కడో తప్పినట్టు. దారిలో అన్నిటికన్నా కిందికి వేలాడే తీగ ఎంత ఎత్తులో ఉందో ముందు తెలుసుకోవాలి. బొమ్మ ఎత్తు ఆ తర్వాత తేలుతుంది.

దారి కొలవడం

రోడ్డుకు అడ్డంగా పోయే ఎల్‌టీ తీగ (ఇళ్లకు కరెంటిచ్చే తక్కువ వోల్టేజీ లైను) నేల నుంచి 5.8 మీటర్లు, 11 కేవీ (11,000 వోల్టుల) తీగ 6.1 మీటర్లకు తగ్గకుండా ఉండాలని విద్యుత్ నిబంధనలు చెబుతాయి. అంటే సుమారు 19, 20 అడుగులు. ఈ అంకెలు చూసి 15 అడుగుల బండి హాయిగా పోతుందని అనుకోవద్దు. పాత రోడ్డు మీదే కొత్త రోడ్డు వేసిన ప్రతిసారీ నేల లేస్తుంది, తీగ మాత్రం ఉన్నచోటే ఉంటుంది. ఎండకు తీగ సాగి ఇంకాస్త దిగుతుంది కాబట్టి పొద్దున కనిపించిన ఎత్తు మధ్యాహ్నానికి ఉండదు. వీటికంటే చిక్కు పెట్టేవి స్తంభం నుంచి ఇళ్లకు లాగిన సర్వీసు వైర్లు. గోవిందరాజస్వామి గుడి చుట్టూ ఉన్నలాంటి పాత వీధుల్లో సర్వీసు వైర్లకు కేబుల్ టీవీ, ఇంటర్నెట్ వైర్లు చుట్టుకుని, ఏది ఏదో తెలియకుండా వేలాడుతుంటాయి. కేబుల్ టీవీ వైరే కదా అని ఎత్తితే దాంతోపాటు చర్మం ఊడిన సర్వీసు వైరు కూడా కదులుతుంది.

దారి మొత్తం మధ్యాహ్నం పూట, ఆ ఏరియా లైన్‌మన్‌ను వెంటబెట్టుకుని నడవండి. ఇనుప టేపుతో, అల్యూమినియం నిచ్చెనతో, వెదురు కర్రతో తీగ ఎత్తు కొలవకూడదు. వెదురుకు కరెంటు పారదన్న నమ్మకం ఎండిన వెదురు విషయంలోనే కొంత నిజం. తడిసినదీ, పచ్చిదీ 11 కేవీ ముందు ఆగవు. కింద నిలబడే ఎత్తు చెప్పే అల్ట్రాసోనిక్ మీటర్లు దొరుకుతాయి. లేదంటే లైన్‌మన్ తన ఇన్సులేటెడ్ కర్రతో చూసి చెబుతారు. అడ్డం వచ్చే ప్రతి తీగనూ స్తంభం నంబరుతో, ఎత్తుతో ఒక కాగితం మీద రాసుకోండి. ఊరేగింపు రోజు బండి ముందు నడిచే మనిషి చేతిలో ఉండాల్సింది ఆ కాగితమే.

దారిలో అన్నిటికన్నా కిందున్న తీగ ఎత్తులోంచి 3 అడుగులు తీసేస్తే వచ్చేదే శకటం కొన. జెండా, గొడుగు, కలశం, నెమలి పింఛం అన్నీ అందులోనే. ఉదాహరణకు కిందున్న సర్వీసు వైరు 15 అడుగుల్లో ఉంటే కొన 12 దాటకూడదు. ట్రాలీ నేల రోడ్డుకు మూడున్నర అడుగుల ఎత్తున ఉంటుంది కనుక కట్టడానికి మిగిలేది ఎనిమిదిన్నర. దాని మీద అడుగున్నర మెట్టు వేసి మనిషిని నిలబెడితే, చెయ్యి పైకెత్తినప్పుడు వేలి కొన పన్నెండు దాటుతుంది. బొమ్మను కొలిచేవాళ్లు ఈ చెయ్యిని మరిచిపోతారు. జనానికి చెయ్యి ఊపమని పైన నిలబెట్టేదీ ఆ మనిషినే.

11 కేవీ తీగ దాటాల్సి వచ్చే చోట ఈ 3 అడుగుల సూత్రం మీద ఆధారపడొద్దు, సప్లై తీయించాలి. కరెంటోళ్లు దీన్ని ఎల్‌సీ అంటారు, అంటే లైన్ క్లియర్. ఏ వీధి, ఏ స్తంభం, ఎన్ని గంటలకు అని వివరంగా కొన్ని రోజుల ముందే ఆ సెక్షన్ ఏఈకి (అసిస్టెంట్ ఇంజనీరుకు) రాసివ్వండి. వీధి దీపాలు ఆరిపోయాయి కదా అని బండి కదపకూడదు. దీపాలు ఒక లైను, 11 కేవీ ఇంకో లైను. లైన్‌మన్ తానే వచ్చి సప్లై తీశామని చెప్పేదాకా తీగ బతికున్నట్టే లెక్క. సప్లై తీశాక కూడా ఎవరూ తీగను చేత్తో ముట్టకూడదు. ఏదో ఇంటి జనరేటరో ఇన్వర్టరో వెనక్కి కరెంటు తోసే అవకాశం ఉంది.

2022 ఏప్రిల్ 27 తెల్లవారుజామున తంజావూరు దగ్గర కలిమేడులో గుడి రథం మలుపు తిరుగుతుండగా పైభాగం హైటెన్షన్ తీగకు తగిలి 11 మంది చనిపోయారు. మలుపు దగ్గరే ఎందుకంటే తిన్నగా పోయేటప్పుడు తీగ ఎదురుగా కనిపిస్తుంది, మలుపులో అందరి కళ్లూ చక్రాల మీద, కాలువ మీద ఉంటాయి. రోడ్డు వాలు వల్ల బండి కొన కూడా పక్కకు జరుగుతుంది. లెక్క చూడండి: రెండు వైపుల టైర్ల మధ్య దూరం 5 అడుగులైతే, ఒక వైపు చక్రం అడుగు లోతు కాలువలోకి దిగితే బండి 11 డిగ్రీలు ఒరుగుతుంది. పన్నెండు అడుగుల ఎత్తున ఉన్న కొన రెండడుగులకు పైగా పక్కకు పోతుంది. స్తంభానికీ బండికీ మధ్య ఒక గజం ఉంది చాలనుకుంటే మిగిలేది అడుగులోపే.

విద్యుత్ రైలు మార్గం దాటే దారి వీలైతే వదిలేయండి. పట్టాల పైన తీగలో ఉండేది 25,000 వోల్టులు. గేటు దగ్గర అడ్డంగా కట్టిన హైట్ గేజ్ మామూలుగా 4.67 మీటర్లు, పదిహేను అడుగులకు కొంచెం ఎక్కువ. తిరుపతి వెస్ట్ చర్చి దగ్గరి అండర్‌బ్రిడ్జిలాంటి చోట్ల ఎత్తు తక్కువ కావడమే కాదు, వాన పడితే నీళ్లు నిలుస్తాయి. సెప్టెంబరు ఊరేగింపులకు ఆ దారి పెట్టుకోకపోవడమే మేలు. చిత్తూరు నుంచి పలమనేరు వైపు మొగిలి ఘాట్ మీదుగా పోవాల్సిన బండిని కట్టి తీసుకెళ్లొద్దు. ఫ్రేము ముక్కలు విప్పి పంపి, దిగినచోట బిగించుకోండి.

ట్రాలీ, ట్రాక్టర్

రెండు చక్రాల ట్రాలీ, నాలుగు చక్రాల ట్రాలీ రెండూ అద్దెకు దొరుకుతాయి. శకటానికి నాలుగు చక్రాలదే తీసుకోండి. రెండు చక్రాల దాని తూకంలో కొంత ట్రాక్టర్ కొక్కెం మీద ఉంటుంది. బరువైన విగ్రహాన్ని ఇరుసుకు వెనకగా పెడితే ట్రాలీ ముక్కు పైకి లేచి ట్రాక్టర్ వెనక చక్రాలకు నేల పట్టు పోతుంది. మరీ ముందుకు పెడితే ట్రాక్టర్ ముందు చక్రాలు తేలి స్టీరింగు తిరిగినా బండి తిరగదు. నాలుగు చక్రాల ట్రాలీకి ఈ బాధ తక్కువ, కానీ దాన్ని వెనక్కి నడపడం మహా కష్టం. ముందు ఇరుసు తిరుగుడు బల్ల మీద ఉంటుంది కాబట్టి రివర్సులో ఇష్టమొచ్చిన వైపు పోతుంది. దారి ఎంచుకునేటప్పుడే రివర్సు అవసరం ఎక్కడా రాకుండా చూసుకోవాలి.

ఎత్తే ట్రాలీ అయితే, అంటే ఇసుక పోయడానికి జాకీతో తల పైకి లేచే రకం అయితే, హైడ్రాలిక్ గొట్టం ట్రాక్టర్ నుంచి ఊడదీసి కొనకు మూత బిగించండి. లాకు పిన్ను కూడా వేయండి. ఊరేగింపులో ఎవరి చెయ్యో మోచెయ్యో లీవరుకు తగిలి, పైన పిల్లలుండగా ట్రాలీ లేచే ప్రమాదం దీంతో పూర్తిగా పోతుంది.

బరువు విషయం. ట్రాలీలకు చాలావాటికి బ్రేకులుండవు, ఆపే పని అంతా ట్రాక్టర్‌దే. అందుకే ట్రాలీతో కలిపి లాగే మొత్తం బరువు ట్రాక్టర్ బరువుకు ఒకటిన్నర రెట్లు దాటనివ్వొద్దు. రెండు టన్నుల ట్రాక్టర్ అయితే మూడు టన్నులు. అందులో ఖాళీ ట్రాలీయే ఒకటిన్నర టన్ను ఉంటే మీ చేతిలో మిగిలేది ఒకటిన్నర టన్ను, విగ్రహం, మనుషులు, పూలు, జనరేటర్ అన్నీ కలిపి. కట్టడం సగమయ్యాక ఒకసారి, అంతా అయ్యాక ఒకసారి వే బ్రిడ్జి మీద తూచండి.

ట్రాక్టర్ తీసుకునే ముందు చూడాల్సినవాటిలో అందరూ వదిలేసేది బ్రేకు పెడళ్ల గొళ్లెం. పొలంలో ఒక చక్రాన్ని బిగించి చుట్టూ తిరగడానికి కుడి, ఎడమ బ్రేకులు విడివిడిగా ఉంటాయి. రోడ్డు మీద ఆ రెంటినీ గొళ్లెంతో కలపకపోతే కంగారులో కాలు ఒక్క పెడల్ మీదే పడి ట్రాక్టర్ గిర్రున జనం మీదికి తిరుగుతుంది. గొళ్లెం వేశాక పెడళ్లు తొక్కి చూడండి, రెండు చక్రాలూ సమానంగా పట్టాలి. కొక్కెం పిన్నుకు కింద క్లిప్పు తప్పనిసరి. అక్కడ ఇనుప మేకు వంచి పెట్టే అలవాటు మానుకోండి. దీనికి తోడు ట్రాక్టర్‌కూ ట్రాలీకీ మధ్య ఒక గొలుసు వదులుగా కట్టాలి. పిన్ను ఊడినా ట్రాలీ తెగి పోకుండా ఆపేది అదే.

ఫ్రేము

ట్రాలీ పక్క డోర్లు నాలుగూ తీసి పక్కన పెట్టండి. ఫ్రేమును డోర్లకు కట్టేవాళ్లున్నారు. కీలు మీద ఆడే డోరు దేన్నీ గట్టిగా పట్టుకోలేదు. అడుగు చట్రానికి 40×40×5 మిల్లీమీటర్ల యాంగిల్ వాడి, 12 మిల్లీమీటర్ల యూ-బోల్టులతో ట్రాలీ ఛాసిస్‌కు కనీసం ఎనిమిది చోట్ల బిగించండి. ప్రతి బోల్టుకూ రెండు నట్లు, లేదా నైలాన్ రింగున్న నట్లు పెట్టాలి. నడక వేగంలో గంటల కొద్దీ పోయే బండిలో అదురు ఎక్కువ, ఒంటి నట్టు దానంతటదే విడుతుంది. నిలువు కాళ్లు నాలుగడుగులకొకటి, మధ్యలో రెండు వైపులా ఏటవాలు దన్ను. దన్ను లేని చతురస్రం చూడ్డానికి ఎంత గట్టిగా కనిపించినా గతుకులో పక్కకు వాలుతుంది. ట్రాలీ వెడల్పు దాటి ఒక్కో పక్క ఆరంగుళాలకు మించి బయటికి పోనివ్వకండి.

పూలపల్లకులకు ఇనుముకు బదులు సరుగుడు బాదులు, వెదురు వాడటం ఇక్కడి పద్ధతి. తప్పేమీ లేదు, ఇనుముకన్నా తేలిక కూడా. కట్లు మాత్రం జాగ్రత్త. కొబ్బరి తాడు తడిపి కడితే ఆరినప్పుడు వదులవుతుంది, పైన పూల మీద నీళ్లు చల్లినప్పుడు మళ్లీ బిగుస్తుంది. రోజంతా ఇలా ఆడిన కట్టును నమ్మడానికి లేదు. బరువు మోసే కట్లన్నీ బైండింగ్ వైరుతో నాలుగైదు చుట్లు వేసి మెలిపెట్టి, కొన లోపలికి వంచండి. అందం కోసం పైన తాడు చుట్టుకోవచ్చు. బంతి, చామంతి దండలకు కట్టినప్పుడున్న బరువు వేరు, నీళ్లు చల్లాక వేరు. తూకం వేసేటప్పుడు తడి బరువే లెక్కలోకి తీసుకోవాలి.

వెనక పెద్ద తెర కడితే గాలి సంగతి ఆలోచించాలి. పదడుగుల వెడల్పు, ఎనిమిదడుగుల ఎత్తున్న ఫ్లెక్సీ మీద గంటకు 50 కిలోమీటర్ల గాలి సుమారు 100 కిలోల బలంతో తోస్తుంది. వాన ముందు వచ్చే ఈదురుగాలికి ఆ వేగం పెద్ద లెక్క కాదు. ఫ్లెక్సీకి అర్ధచంద్రాకారంలో కోతలు పెడితే ఒత్తిడి కొంత తగ్గుతుంది గానీ కోతల మీద అతిగా ఆశపెట్టుకోవద్దు. తెరను జల్లెడలాంటి నెట్ గుడ్డతో కట్టడం, ఎత్తు తగ్గించడం, వెనక రెండు ఏటవాలు దన్నులు వేయడం అంతకంటే నికరం.

విగ్రహాన్ని అడుగున మాత్రమే కట్టి వదిలేయకూడదు. ట్రాక్టర్ ఠక్కున ఆగినప్పుడు పైభాగం ముందుకు తూగి నడుము దగ్గరో మెడ దగ్గరో విరుగుతుంది. ఎత్తులో మూడింట రెండు వంతుల దగ్గర గోనెపట్టా చుట్టి, దాని మీంచి నాలుగు మూలలకూ లారీ సామాను బిగించే రాచెట్ బెల్టులు లాగండి. నైలాన్ తాడు సాగుతుంది, పనికిరాదు. బండికి స్థిరం కావాలంటే ఇసుక బస్తాలు ట్రాలీ నేల మీదే, ఇరుసుల పైన పరచండి. విగ్రహం కాళ్ల చుట్టూ గుట్ట పోస్తే బరువు పైకి పోయి ఉన్న స్థిరమూ పోతుంది.

థర్మాకోల్, గుడ్డ, నిప్పు

పనుల వరుస ఇలా ఉండాలి: వెల్డింగ్ అంతా పూర్తి, ఫ్రేము చల్లారింది, ఆ తర్వాతే థర్మాకోల్ షెడ్డులోకి రావాలి. చివరి నిమిషంలో "ఒక్క టాకా" అంటూ వెల్డింగ్ రాడ్డు పట్టుకునేచోటే మంటలు మొదలవుతాయి. థర్మాకోల్ కరిగి మండుతూ బొట్లు బొట్లుగా కింద పడుతుంది, కింద ఉండేది గుడ్డ, మనిషి. చివర్లో ఏదైనా బిగించాల్సి వస్తే నట్టు బోల్టుతోనే. థర్మాకోల్‌కు రబ్బరు జిగురు, ఎనామిల్ పెయింటు, స్ప్రే డబ్బా తగిలిస్తే అది తినేసినట్టు గుంటలు పడుతుంది. నీళ్లలో కలిసే తెల్ల ఫెవికాల్, డిస్టెంపర్ వాడండి.

నూలు గుడ్డకు నిప్పు తొందరగా అంటకుండా ఇంట్లో చేసుకోగలిగిన మందు ఒకటుంది. లీటరు వేడినీళ్లలో 70 గ్రాముల వెలిగారం (బోరాక్స్), 30 గ్రాముల బోరిక్ పౌడర్ కరిగించి, గుడ్డను అందులో పూర్తిగా నానబెట్టి, పిండకుండా ఆరేయాలి. ఆరాక ఒక మూల ముక్క కత్తిరించి, బయట అగ్గిపుల్లతో అంటించి చూడండి. పుల్ల తీసేయగానే మంట ఆగిపోవాలి, ఆగకపోతే ఇంకోసారి ముంచండి. వానలో ఒకసారి తడిస్తే మందంతా కారిపోతుంది, మళ్లీ పెట్టాల్సిందే. పాలియెస్టర్, నైలాన్ గుడ్డలకు ఇది పనిచేయదు.

ట్రాక్టర్ సైలెన్సరు నిలువుగా పైకి ఉంటుంది. ఏనుగు తలో హంస మెడో చేసి ఇంజనును కప్పేటప్పుడు ఆ గొట్టం గుడ్డలోపల దాగిపోతుంది. గొట్టం చుట్టూ అన్ని వైపులా మూడడుగులు ఖాళీ వదిలి, కొన అలంకారం కన్నా పైన ఉండేట్టు చూడాలి. రేడియేటర్ ముందు గుడ్డ అసలు రాకూడదు. నడక వేగంలో గాలి తగలదు, మధ్యాహ్నం ఎండలో ఇంజను అలానే ఉడుకుతుంది.

కర్పూర హారతి నేల మీద నిలబడి ఇవ్వాలి, శకటం మీద కాదు. టపాసులు కాల్చేవాళ్లు బండికి కనీసం వంద అడుగుల ముందుండాలి. హైడ్రోజన్ నింపిన గ్యాస్ బెలూన్ల గుత్తి శకటానికి కట్టొద్దు, ఒక్క నిప్పురవ్వ చాలు అన్నీ ఒకేసారి అంటుకోడానికి. మంటలార్పే ఆరు కిలోల ఏబీసీ పౌడర్ సిలిండర్లు రెండు ఉంచండి, ఒకటి డ్రైవరు చేతికందే చోట, ఒకటి వెనక. వాటి ముందు బ్యానర్లు కట్టేస్తుంటారు, చూసుకోండి. కరెంటు ఉన్న మంట మీద నీళ్లు కొట్టకూడదు.

దీపాలు, జనరేటర్

పెద్ద సౌండు సిస్టం ఉంటే జనరేటర్ వెనక వేరే బండిలో ఉండటమే మంచిది. శకటం మీదే పెట్టక తప్పకపోతే వెనక అంచున, పొగ గొట్టం బయటికి తిప్పి పెట్టండి. స్టేజి కింద పెట్టి చుట్టూ గుడ్డ కడితే పొగ లోపలే నిండుతుంది. ఆ పొగలోని కార్బన్ మోనాక్సైడుకు రంగూ వాసనా ఉండవు, పైన కూర్చున్న పిల్లలు నిద్రలోకి జారినట్టు స్పృహ తప్పుతారు. డీజిల్ క్యాను శకటం మీద పెట్టొద్దు. డీజిల్ పోయాలంటే బండి ఆపి, జనరేటర్ ఆపి, చల్లారాకే.

7.5 కేవీఏ జనరేటర్ ఇచ్చేది సుమారు 6 కిలోవాట్లు. దాని మీద నాలుగున్నరకు మించి పెట్టొద్దు. హాలోజన్లు మానేసి ఎల్ఈడీ పార్ లైట్లు వాడితే లోడూ తగ్గుతుంది, వేడీ తగ్గుతుంది.

షాకు విషయంలో ఒక సాంకేతిక మెలిక ఉంది, దీన్ని ఎలక్ట్రీషియన్‌తోనే చేయించండి. చిన్న జనరేటర్లలో న్యూట్రల్ దేనికీ కలపకుండా వదిలేసి ఉంటుంది. అలాంటి దాని మీద 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సప్లై తెంచే స్విచ్చి) పెట్టినా, వైరు ఫ్రేముకు తగిలిన మొదటిసారి అది ట్రిప్ కాదు. న్యూట్రల్‌ను జనరేటర్ బాడీకి ఒక్కచోట కలిపి, ఆ బాడీ నుంచి ఆకుపచ్చ వైరు శకటం ఇనుప ఫ్రేముకు బోల్టుతో బిగించి, ఆర్‌సీసీబీ ఆ కలిపినచోటు తర్వాత ఉండేట్టు వేయాలి. బయలుదేరే ముందు దాని టెస్టు బటన్ నొక్కండి, ఠక్కున పడిపోవాలి. జనరేటర్ మీద ఉన్న శకటాన్ని దారిలో ఎవరి ఇంటి ప్లగ్గుకూ కలపొద్దు.

సీరియల్ సెట్ల అతుకులు ఎక్కువగా టేపు చుట్టి వదిలేస్తారు. వానొస్తే మొదట తడిసేవి అవే. అతుకులన్నీ మూతున్న ప్లాస్టిక్ జంక్షన్ డబ్బాలో పెట్టి, వైరు డబ్బా కింది వైపు నుంచి లోపలికి పోయేట్టు అమర్చండి. వైరు ఇనుప అంచు మీంచి పోయేచోట సైకిల్ ట్యూబు ముక్క చుట్టండి, లేకపోతే అదురుకు అంచు రంపంలా కోసేస్తుంది.

మనుషులు ఎక్కే చోటు

చట్టం ప్రకారం వ్యవసాయ ట్రాలీ మనుషులు ఎక్కే బండి కాదు. పైన ఉన్నవాళ్లకు ఏమైనా జరిగితే ట్రాక్టర్ ఇన్సూరెన్సు చేతులెత్తేస్తుంది. పోలీసు అనుమతి అడిగేటప్పుడు పైన ఎంతమంది ఉంటారో దరఖాస్తులోనే రాయండి, ఆ సంఖ్య దాటనివ్వకండి. మైకుకు రాత్రి 10 తర్వాత అనుమతి ఉండదు కాబట్టి పూర్తయ్యే సమయం దాన్ని బట్టే వేసుకోవాలి.

నిలబడే నేలకు 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్, కింద 16 అంగుళాలకొక దూలం. పూలూ నీళ్లూ పడి జారుతుంది గనుక పైన కొబ్బరి పీచు చాప మేకులతో కొట్టాలి. ఊరికే పరిస్తే చాపే జారుతుంది. నిలబడే ప్రతి మనిషి ముందూ మూడున్నర అడుగుల ఎత్తున పట్టుకోడానికి గట్టి పైపు ఉండాలి. వేషం వేసిన పిల్లలు దాన్ని పట్టుకోరు, వాళ్ల చేతుల్లో విల్లో వేణువో ఉంటుంది. అందుకని పిల్లల్ని కూర్చోబెట్టి నడుముకు బెల్టు పెట్టండి. కట్టింది లాగితే వెంటనే ఊడే క్లిప్పు అయి ఉండాలి, ముడి కాదు. ఇద్దరు పిల్లలకొక పెద్దమనిషి పైనే ఉండాలి. ట్రాక్టర్‌కూ ట్రాలీకీ మధ్య దూలం మీద, మడ్‌గార్డ్ మీద ఎవర్నీ ఎక్కనివ్వొద్దు. అక్కణ్నుంచి జారితే నేరుగా చక్రం కిందికే.

ట్రాలీ చుట్టూ కట్టే గుడ్డ కుచ్చిళ్లు నేలకు తాకకుండా ఆరంగుళాలు పైనే ఆపాలి. నేల మీద ఈడ్చుకుపోయే గుడ్డను చక్రం లాక్కుంటుంది, దాంతో పాటు పైన ఫ్రేమునూ లాగుతుంది.

నడపడం

ముందు రోజు ఖాళీ మైదానంలో ఒకసారి నడిపి చూడండి. ఇటుకలు పేర్చి మీ దారిలోని ఇరుకు మలుపు వెడల్పు గుర్తు పెట్టుకుని తిప్పండి. మలుపులో ట్రాలీ వెనక చక్రాలు ట్రాక్టర్ పోయిన గీత మీద పోవు, లోపలి వైపు కోసుకుపోతాయి. తోక మాత్రం బయటి వైపు ఊగుతుంది. లోపలి మూలన అరుగు మీద నిలబడినవాళ్లకు వెనక చక్రం అంత దగ్గరికి వస్తుందని తెలియదు. ఈ రిహార్సల్ తర్వాత నట్లన్నీ మళ్లీ బిగించండి, కచ్చితంగా కొన్ని వదులై ఉంటాయి.

ఊరేగింపులో లో గేర్ మొదటిది, క్లచ్ మీద కాలు పెట్టకుండా. అరక్లచ్ మీద గంటలు నడిపితే క్లచ్ కాలిపోయి, సరిగ్గా జనం మధ్యలోనే బండి ఆగుతుంది. బ్యాండు వాళ్లతో అడుగు కలపడం కోసం ఆగి ఆగి పోకండి, వాళ్లనే ముందుకు పంపి ఒకేసారి పాతిక అడుగులు కదపండి. డ్రైవరు మద్యం ముట్టకూడదు, మారు డ్రైవరు ఇంకొకరు వెంట నడవాలి. ఆరుగంటల ఊరేగింపును ఒక్కడి మీద వదలొద్దు.

బండి చుట్టూ కనీసం ఆరుగురు నడవాలి. నాలుగు చక్రాల దగ్గరా ఒక్కొక్కరు, కాగితం పట్టుకుని తీగలు చూసేవాడు ముందు, వెనక ఒకరు. చక్రం దగ్గర నడిచేవాళ్ల పని ఒక్కటే, చక్రానికీ జనానికీ మధ్య తాడు పట్టుకుని ఆరడుగులు ఖాళీ ఉంచడం. డాన్సు చేయాలనుకునేవాళ్లకు ఆ పని అప్పజెప్పొద్దు. ఈల ఒక్కరి దగ్గరే ఉండాలి. ఒక్క ఈల అంటే కదులు, మూడు ఈలలు అంటే ఆగు. నోటితో అరిచే "ఆపండి" డీజే ముందు వినపడదు. ప్రసాదం, చాక్లెట్లు పైనుంచి విసరొద్దు, పిల్లలు వాటికోసం నేరుగా చక్రాల మధ్యకు వస్తారు. కింద నడిచేవాళ్ల చేత పంచిపెట్టించండి. ఆగిన ప్రతిచోటా చక్రాలకు చెక్క దిమ్మలు అడ్డం పెట్టాలి. అలిపిరి వైపు ఎగువకు పోయే రోడ్లలో హ్యాండ్ బ్రేకును ఒంటరిగా నమ్మొద్దు.

ఆగిపోతే, తగిలితే

బండి చెడిపోతే చేతులతో నెట్టకండి. 2025 ఆగస్టులో హైదరాబాద్ రామంతాపూర్‌లో లాగే వాహనం ఆగిపోయాక రథాన్ని చేతులతో తీసుకెళ్తుండగా కరెంటు సోకి ఐదుగురు పోయారు. నెట్టేటప్పుడు ఇనుము మీద పదుల చేతులుంటాయి, కాళ్లు నేల మీదుంటాయి. తీగ ఒక్కటి తగిలితే అందరి ఒంట్లోంచీ కరెంటు పోతుంది. ఇంకో ట్రాక్టర్‌ను ముందే మాట్లాడి ఊరేగింపు వెనకే ఉంచండి. అది వచ్చేదాకా శకటం ఉన్నచోటే ఉండాలి.

తీగ తగిలితే పైన ఉన్నవాళ్లు దిగకూడదు. ఒక కాలు బండి మీద, ఒక కాలు నేల మీద పెట్టిన క్షణమే కరెంటు ఒంట్లోంచి దారి చేసుకుంటుంది. డ్రైవరు సీట్లోనే ఉండి, బండి కదిలేట్టుంటే తీగ నుంచి బయటికి లాగాలి. కింద ఉన్నవాళ్లు కనీసం 10 మీటర్లు వెనక్కి పోయి 1912కు, 112కు ఫోన్ చేసి స్తంభం నంబరు చెప్పాలి. మంట వచ్చి దిగక తప్పకపోతే బండిని పట్టుకోకుండా, రెండు కాళ్లూ జోడించి ఒకేసారి దూకి, పాదాలు నేలకు ఆనించే చిన్న చిన్న జరుగులతో దూరం పోవాలి. పడిపోయినవాణ్ణి లాగడానికి పరిగెత్తేవాళ్లను ఆపడం అక్కడ కష్టమైన పని. దానికి ఎవరో ఒకరిని ముందే నియమించండి. సప్లై ఆగిందని తెలిశాక 108 వచ్చేలోపు ఛాతీ నొక్కగలిగేవాళ్లు ఇద్దరైనా జట్టులో ఉండాలి.

దించడం

నిమజ్జనం దగ్గర, తిరుపతిలో వినాయక సాగర్ అయినా ఇంకెక్కడైనా, ముందు జనరేటర్ ఆపి వైర్లు ఊడదీసి, మనుషులందరూ దిగాకే విగ్రహం బెల్టులు వదలాలి. క్రేన్ కొక్కెం తగిలించి బరువు కాస్త పట్టాక బెల్టులు తీయండి, ముందే తీస్తే విగ్రహం ఒరుగుతుంది. విప్పేటప్పుడు పైనుంచి కిందికి రండి, ఏటవాలు దన్నులు చివర్లో తీయాలి. అర్ధరాత్రి అలసిపోయిన జట్టు దన్నులే ముందు లాగేస్తుంది. థర్మాకోల్‌ను చెరువులో వేయొద్దు, తగలబెట్టొద్దు, సంచుల్లో కట్టి మున్సిపాలిటీ బండికి ఇవ్వండి. ట్రాలీ తిరిగిచ్చే ముందు ఛాసిస్‌కు మీరు వేసిన టాకాలు గ్రైండరుతో కోసి, నేల మీద మేకులు అయస్కాంతంతో ఏరి, హైడ్రాలిక్ గొట్టం మూత తీసి మళ్లీ కలిపి, ఒకసారి ఖాళీగా ఎత్తి దించి చూపించండి.